ఆ మధ్యాహ్నం గంటలో ఏం చెబుతారు?

"యువ న్యూరోసైంటిస్టుల సింపోజియం" అన్న మాట వినగానే "మనకెందుకులే, పెద్ద చదువుల వాళ్ల గొడవ" అని పేజీ తిప్పేయకండి. ఇవాళ బెంగళూరులోనో పుణెలోనో హైదరాబాద్‌లోనో ఎలుక మెదడుని సన్నటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టుకుని కూర్చున్న అమ్మాయి ఎవరో కాదు. మన తెనాలి పిల్లో, మన కరీంనగర్ పిల్లో. ఆమె చేసే పనేమిటో ఇంట్లోవాళ్లకే ఇంకా సరిగ్గా తెలీదు. "మీ అమ్మాయి న్యూరో చదువుతోందటగా, మావారికి ఒకటే తలనొప్పి, ఒకసారి చూపించమంటారా?" అని పక్కింటావిడ అడుగుతుంది. "మా అమ్మాయి డాక్టరే అవుతుంది గానీ మందులిచ్చే డాక్టరు కాదండీ" అని ఆ తల్లి నవ్వుతూనో విసుగ్గానో చెప్పుకోవాలి.

ఈ సింపోజియాలు మామూలుగా రెండు మూడు రోజులు ఉంటాయి. పి.హెచ్‌డి. చివరి ఏళ్లలో ఉన్నవాళ్లు, అది పూర్తయి పోస్ట్‌డాక్ చేస్తున్నవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరి సొంత ల్యాబ్ పెట్టుకుంటున్నవాళ్లు వస్తారు. అంటే పాతికకీ ముప్ఫై అయిదుకీ మధ్య వయసు వాళ్లన్నమాట. పొద్దున పూట పరిశోధనల మీద ఉపన్యాసాలు. మధ్యలో పోస్టర్లు. తను చేసిన నాలుగేళ్ల పనినీ ఒక మీటరు కాగితం మీద బొమ్మలతో అచ్చు వేయించి, గొట్టంలో చుట్టుకుని రైల్లో మోసుకొచ్చి, గోడకి తగిలించి, దాని పక్కన గంటా గంటన్నర నిలబడాలి. వచ్చేపోయేవాళ్లు ఆగి "ఏం చేశావమ్మా?" అని అడుగుతారు. రెండు నిమిషాల్లో చెప్పాలి. ఆగినవాళ్లలో ఒకరు రేపు ఆమెకి పోస్ట్‌డాక్ ఇచ్చే ప్రొఫెసరు కావచ్చు, ఒకరు ఆమె పేపరు మీద అభిప్రాయం రాయబోయే మనిషి కావచ్చు. వంట ఎంత బాగా చేసినా విస్తట్లో వడ్డిస్తేనే కదా తెలిసేది! ల్యాబ్‌లో చేసిన పనీ అంతే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక "కెరీర్" సెషన్ ఉంటుంది. నలుగురైదుగురు పెద్దలు వేదిక మీద కూర్చుని మీరు ఇక్కడి నుంచి ఎటు వెళ్లొచ్చో చెబుతారు. పొద్దున జరిగేదాని గురించి నాకేం బెంగ లేదు. డిగ్రీలో జువాలజీ ప్రాక్టికల్స్‌కి కప్ప మెదడు బొమ్మ గీసి రంగులు వేసిన చదువు నాది, ఆ ఉపన్యాసాలు వింటే నాకు సగం అర్థం కావు. నా బెంగంతా ఆ మధ్యాహ్నం గంట గురించే.

అసలు మెదడు గురించి సభల్లో ఆడవాళ్లు లేచి మాట్లాడటం ఇవాళ్టి సంగతి కాదు. 1888లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ మహిళా మండలి సభ జరిగింది. ఆ రోజుల్లో అమెరికా సైన్యానికి సర్జన్ జనరల్‌గా పనిచేసిన హామండ్ అనే పేరున్న వైద్యుడు ఆడవాళ్ల మెదడు మగవాళ్ల మెదడుకి తీసికట్టనీ, ఆడపిల్లలకి బరువైన చదువులు చెప్పకూడదనీ వాదిస్తుండేవాడు. దానికి జవాబుగా ఆ సభలో ప్రసంగించింది హెలెన్ గార్డెనర్. ఆవిడ డాక్టరు కాదు, రచయిత్రి! న్యూయార్క్‌లో మెదడు నిపుణుల్ని వెంటబడి అడిగి తెలుసుకుని మరీ వచ్చింది. పేర్లు లేకుండా ఇరవై మెదళ్లు ముందు పెడతాం, ఏది ఆడదో ఏది మగదో విడదీసి చూపించమనండి అని సవాలు చేసింది. ఆ పరీక్ష జరగనే లేదు. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. చనిపోయాక తన మెదడుని పరీక్షకి కార్నెల్ యూనివర్సిటీకి ఇవ్వమని రాసిపెట్టింది. 1925లో చనిపోయింది, రాసినట్టే ఇచ్చారు. పరీక్షించిన శాస్త్రజ్ఞుడు అది ఏ విధంగానూ తక్కువది కాదని తేల్చాడు. మనకి "స్త్రీ బుద్ధి ప్రళయాంతకం" అని ఎవరైనా దెప్పితే చెప్పడానికి పనికొచ్చే కథ, దాచుకోండి.

ఇంకో కథ 1960ల నాటిది. బర్క్‌లీలో మేరియన్ డైమండ్ అనే శాస్త్రజ్ఞురాలు, నలుగురు పిల్లల తల్లి. కొన్ని ఎలుకలని బొమ్మలూ ఆటవస్తువులూ తోడుగా మరిన్ని ఎలుకలూ ఉన్న పెద్ద బోనులో పెంచారు. కొన్నిటిని ఒంటరిగా, ఏ ఆటా లేని చిన్న బోనులో పెట్టారు. కొన్నాళ్లకి చూస్తే తోడూ ఆటా ఉన్న ఎలుకల మెదడు పైపొర మందంగా ఉంది, ఒంటరిదాని పొర పలచగా ఉంది. (ఇది చదువుతుంటే మీకు ఎవరైనా గుర్తొస్తే నా పూచీ లేదు.) 1964లో ఆ పరిశోధన అచ్చయింది. పెరిగాక మెదడు మారదని అందరూ నమ్ముతున్న రోజులు. ఆవిడ ఒక సభలో ఈ సంగతి చెబుతుంటే ఒక పెద్దమనిషి లేచి, మెదడు మారనే మారదమ్మాయ్ అని గద్దించాడట. ఆవిడ మర్యాదగానే, మొదటి ప్రయోగంలోనూ మళ్లీ చేసిన ప్రయోగంలోనూ మారినట్టే తేలిందండీ అని చెప్పి తన ప్రసంగం తను సాగించింది. అంత నిబ్బరం ఎక్కడ నేర్చుకుంటారు? సభల్లోనే నేర్చుకుంటారు. అందుకే పిల్లల్ని సభలకి పంపాలంటాను.

మన దేశంలో ఈ శాస్త్రానికి దారి వేసినవాళ్లలో ఆడవాళ్లు ఉన్నారు, అదీ మొదటి వరసలో. హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధనా కేంద్రానికి మొదటి డైరెక్టరు విజయలక్ష్మీ రవీంద్రనాథ్. మన ఆంధ్రా యూనివర్సిటీలో బి.ఎస్సీ., ఎమ్మెస్సీ చదివిన మనిషి. తర్వాత బెంగళూరులో సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్‌ని మొదలుపెట్టారు. ఆ సంస్థ వాళ్లు తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉండే కోలార్ జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో, నలభై అయిదు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ ఉండాలని పెద్ద పని తలకెత్తుకున్నారు. మతిమరుపు జబ్బు ఎవరికి వస్తుంది, ఎందుకొస్తుంది, ఎవరికి రాకుండా ఉంటుంది అని కనుక్కోవడానికి. మంచం మీద కూర్చుని కన్నకూతుర్ని "ఎవరమ్మా నువ్వు?" అని అడిగే అమ్మమ్మలూ నాన్నమ్మలూ ఉన్న ఇళ్లకి ఈ పని విలువ వేరే చెప్పక్కర్లేదు. వాళ్లకి అన్నం కలిపి పెట్టేది, రాత్రి తలుపు గొళ్లెం రెండుసార్లు చూసుకునేది మనమే కదా.

ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో శుభా తోలే ఉన్నారు. గర్భంలో ఉండగా మెదడు ఎలా రూపు దిద్దుకుంటుందో పరిశోధించి 2010లో భట్నాగర్ బహుమతీ, 2014లో ఇన్ఫోసిస్ బహుమతీ అందుకున్నారు. అక్కడే విదితా వైద్య, ఒత్తిడీ దిగులూ మెదడులో చేసే పని మీద పరిశోధన, 2015లో భట్నాగర్, 2022లో ఇన్ఫోసిస్. ఇలా చెప్పుకుంటూ పోతే బాగానే ఉంటుంది. కానీ ఏ వ్యాసం చూసినా ఈ నాలుగు పేర్లే తిరుగుతుంటాయి. (నేనూ అవే రాశాను చూడండి.) ఈ పేర్ల వెనక ఉండాల్సిన నాలుగు వందల పేర్లేవీ?

సదస్సుల్లో వేదిక మీద ఎంతమంది ఆడవాళ్లున్నారో కూర్చుని లెక్కపెట్టే పని న్యూరోసైన్స్ వాళ్లూ మొదలుపెట్టారు. 2015లో విదేశాల్లో "బయాస్ వాచ్ న్యూరో" అని, 2020లో మన దగ్గర "బయాస్ వాచ్ ఇండియా" అని. మన దగ్గర మొదలుపెట్టినవాళ్లు ఇద్దరు యువ శాస్త్రజ్ఞురాళ్లు. సైన్సు, ఇంజినీరింగ్ సంస్థల్లో అధ్యాపకుల లెక్క కూడా తీశారు. ఆరుగురిలో ఒక్కరు ఆడమనిషి, ఇంచుమించుగా. అన్నీ మగ ముఖాలే ఉన్న వేదికకి వాడుకలో ఉన్న పేరు "మేనెల్". పేరు బాగుంది గానీ మన పెళ్లి పెద్దల అరుగు కూడా అలాంటిదే కదూ!

తరగతి గదుల్లో జీవశాస్త్రం చదివే ఆడపిల్లలు కిటకిటలాడుతుంటారు. తీరా ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి ఆరింట ఒకరు. మిగతావాళ్లు ఎక్కడ జారిపోయారు? సరిగ్గా ఈ సింపోజియాలకి వచ్చే వయసులోనే. లెక్క వేసి చూడండి. ఇరవై మూడేళ్లకి పి.హెచ్‌డి.లో చేరితే అయిదారేళ్లు. ఇరవై తొమ్మిది. ఆ పైన పోస్ట్‌డాక్ మూడు నాలుగేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ముప్ఫై మూడు. అప్పుడు ఉద్యోగానికి అప్లికేషన్లు. ఆ పదేళ్లూ మనం ఇక్కడ కూర్చుని ఏ పదేళ్లని "పెళ్లీడు" అంటామో, "పిల్లల్ని కనే ఈడు" అంటామో అవే పదేళ్లు.

అయితే ఇక్కడ ఒక మాట. "అదేనండీ, పెళ్లిళ్లు, పిల్లలు... అందుకే ఆడవాళ్లు మానేస్తారు" అని తేల్చేయడం అందరికీ సుఖం. సంస్థలకి మరీ సుఖం. మన సైన్స్ అకాడమీ తరపున 2010లో ఒక నివేదిక వచ్చింది. పి.హెచ్‌డి. చేసిన ఆడవాళ్లని వందలమందిని కదిలించి అడిగారు. పరిశోధన వదిలేసినవాళ్లలో ఎక్కువమంది చెప్పిన కారణం ఇల్లూ పిల్లలూ కాదు, తగిన ఉద్యోగం దొరక్కపోవడం! ఇల్లు అడ్డుపడుతుంది, నిజమే, నేనూ చూస్తూనే ఉన్నాను. కానీ తలుపు అవతలి నుంచి మూసి పెట్టి ఇవతలి మనిషిని "నువ్వే రాలేదు" అనడం ఏం న్యాయం?

తలుపు తీస్తే ఏమవుతుందో నార్వే వాళ్లు చూపించారు. మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ భార్యాభర్తలు, ఇద్దరూ మెదడు శాస్త్రజ్ఞులే, ఇద్దరు చిన్న కూతుళ్లు. 1996లో ట్రాన్‌హైమ్‌లోని యూనివర్సిటీ ఇద్దరికీ ఒకేచోట ఉద్యోగాలిచ్చింది. మనం దారి ఎలా గుర్తుపట్టి నడుస్తామో చెప్పే కణాలని వాళ్ల ల్యాబ్ 2005లో కనిపెట్టింది, 2014లో నోబెల్ వచ్చింది. తర్వాత వాళ్లు విడిపోయారు, అయినా కలిసి పనిచేయడం మానలేదు. ఆ రోజు "మొగుడికి ఉద్యోగం ఇస్తాం, పెళ్లాం సంగతి మాకు తెలీదు" అని ఉంటే?

మన దగ్గరా అసలేమీ లేవని కాదు. యు.జి.సి. నిబంధనల ప్రకారం పి.హెచ్‌డి. చేస్తున్న ఆడవాళ్లకి ప్రసూతికీ పిల్లల పెంపకానికీ కలిపి 240 రోజుల వరకూ సెలవు ఉంది. గడువు మీద రెండేళ్లు అదనంగా తీసుకునే వీలూ ఉంది. మధ్యలో ఆగిపోయినవాళ్లు మళ్లీ ల్యాబ్‌కి రావడానికి కేంద్ర సైన్సు శాఖ 2002-03 నుంచీ పథకాలు పెడుతోంది. ల్యాబ్ వద్దనుకుంటే పేటెంట్ల పనిలో శిక్షణ ఇచ్చేదీ ఉంది. ఇవి ఎంతమంది అమ్మాయిలకి తెలుసు? ఎంతమంది గైడ్లు పిలిచి చెబుతారు? చెప్పాల్సింది ఆ మధ్యాహ్నం గంటలోనే. కానీ అక్కడ ఎక్కువగా వినిపించేది పట్టుదల గురించి, పెద్ద పెద్ద కలల గురించి. వేదిక మీద ఒక ఆడమనిషి ఉంటే "ఇల్లూ ల్యాబూ ఎలా సమన్వయం చేసుకుంటున్నారు మేడమ్?" అని ఆవిడనే అడుగుతారు. పక్కన కూర్చున్న మగాయనకి ఇల్లు లేదా? "మీ పిల్లలు చిన్నప్పుడు ఎవరు చూసుకున్నారు సార్?" అని ఒక్కరు, ఒక్కసారి అడిగితే వినాలని నాకు కోరిక. ఆ జవాబులోంచి అమ్మాయిలకంటే అబ్బాయిలకి ఎక్కువ తెలుస్తుంది.

ఇక మన వైపు సంగతి. మా అక్క కూతురు బెంగళూరులో పి.హెచ్‌డి. నాలుగో ఏడు చేస్తోంది. చిన్నప్పుడు తల్లికి దూరమైన ఎలుకపిల్ల మెదడులో ఆ దెబ్బ పెద్దయ్యాక కూడా ఎలా మిగిలిపోతుందో చూడటం దాని పని. పోయిన ఏడాది పుణెలో జరిగే ఇలాంటి సింపోజియానికి పోస్టర్ పంపితే ఎంపికైంది. రానూపోనూ ఖర్చు వాళ్లే ఇస్తామన్నారు. సరిగ్గా ఆ శనివారమే అమ్మాయిని చూసుకోవడానికి వస్తామని పెళ్లివారి కబురు.

"మీటింగులు ఏటా ఉంటాయి, ఇలాంటి సంబంధం మళ్లీ వస్తుందా?" అన్నారు బావగారు.

"మీటింగు ఏటా ఉంటుంది బావగారూ, దాన్లో దీనికి చోటు ఏటా రావద్దూ?" అన్నాను.

"నువ్వు కథలు రాసుకునేదానివి, నీకేం, ఏమైనా అంటావు" అన్నారు ఆయన. చెడ్డమనిషి కాదు. పిల్ల ఫీజులకి పొలం అమ్మిన మనిషి. ఆయన భయం ఆయనది. ఇరవై ఏడేళ్లొచ్చాయి, ఇంకో రెండేళ్లు పోతే అడిగేవాళ్లు ఉండరని.

అక్క ఒక్క మాటా మాట్లాడలేదు. తాలింపు మాడిపోయి ఇల్లంతా పొగ వచ్చేదాకా స్టవ్ దగ్గరే నిలబడింది. తర్వాత చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసి, పెళ్లికొడుకు తల్లికి తనే చేసింది. "వదినగారూ, మా అమ్మాయికి ఆ వారం ఆఫీసు పని పడింది, పై ఆదివారం రండి" అంది. అవతల ఆవిడ "దానికేముందండీ, అలాగే" అంది. అంతే! అరనిమిషం కూడా పట్టలేదు. మూడు రోజులుగా ఇంట్లో మేము పడ్డ గొడవ అంతా ఎందుకోసమో.

పై ఆదివారం వచ్చారు. పెళ్లికొడుకు తండ్రి పెద్దమనిషిగానే అడిగారు, "ఇంకెన్నాళ్లు చదువుతావమ్మా?" అని. చదువు కాదండీ, పనే, ఫెలోషిప్ వస్తుంది అని చెప్పింది. 2023 నుంచీ మొదటి రెండేళ్లూ నెలకి 37,000, తర్వాత 42,000. అంకె వినగానే ఆయన ముఖం విప్పారింది. "పర్మనెంటేనా?" అన్నారు. కాదనగానే మళ్లీ ముడుచుకుంది. నాలుగు రోజులకి జాతకాలు కుదరలేదని కబురొచ్చింది. జాతకాలు చూసుకున్నాకే కదండీ చూసుకోవడానికి వచ్చింది! సరే, ఆ సంగతి వదిలేయండి.

పుణె నుంచి వచ్చాక "ఆ కెరీర్ గంట ఎలా జరిగిందే?" అని అడిగాను.

"మైకు ఇస్తే ఎవరూ నోరు విప్పరని చీటీలు రాసి ఇవ్వమన్నారు పిన్నీ" అంది. వేదిక మీద అయిదుగురు, అందులో ఒక్కావిడ. చీటీలు ఒక్కొక్కటీ చదివారట. ఏ దేశంలో పోస్ట్‌డాక్ మంచిది, కంపెనీల్లో జీతాలెంత, వీసా ఎన్నాళ్లకి వస్తుంది... అన్నిటికీ తలా ఒక మాట చెప్పారు. అయిదో చీటీయో ఆరో చీటీయో, "పోస్ట్‌డాక్‌లో ఉండగా బిడ్డ పుడితే ఫెలోషిప్ ఆపేస్తారా?" అని ఉంది. హాలంతా నిశ్శబ్దం. నలుగురు మగవాళ్లూ మైకు ఆవిడ వైపు జరిపారట, గిన్నె జరిపినట్టు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది, ఇంతలో టీకి బెల్లు కొట్టేశారు.

టీ దగ్గర ఆవిడ చుట్టూ పాతికమంది అమ్మాయిలు. కప్పు చేతిలో పెట్టుకుని తాగకుండానే చెప్పిందట పాపం. ఫెలోషిప్ కాగితం మీద సంతకం పెట్టే ముందు సెలవుల పేరా చదువుకోండి. లేకపోతే రాతపూర్వకంగా అడగండి, నోటిమాట నమ్మకండి. సంస్థలో క్రెష్ ఉందో లేదో ఇంటర్వ్యూకి వెళ్లినరోజే మీ కళ్లతో చూసి రండి. బిడ్డ పుట్టాక ఆరు నెలలు పేపర్లు రాకపోతే మీ బయోడేటాలో ఆ ఖాళీకి కారణం ఒక్క వాక్యంలో రాసేయండి, దాచకండి. ఇంత పనికొచ్చే మాటలు మైకులో చెప్పకుండా టీ గిన్నె పక్కన చెప్పాల్సి వచ్చింది! సభలు పెట్టేవారు ఆ ఒక్క గంటనీ రెండు గంటలు చేస్తే ఏం పోతుంది? పాలిచ్చే తల్లికి తలుపు వేసుకునే గది ఒకటి, పిల్లల్ని పట్టుకుని కూర్చునే మనిషి ఒకరు, వేదిక మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్లు... ముఖ్య అతిథికి కప్పే శాలువాలూ దండలూ మానేసినా కొంత కలిసొస్తుంది.

"నీ చీటీ చదివారా మరి?" అన్నాను.

"లేదు, బెల్లు కొట్టేశారుగా." పర్సులోంచి తీసి చూపించింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. "ఉద్యోగం ఇంటర్వ్యూలో పెళ్లయిందా, ఎప్పుడు చేసుకుంటావు అని అడిగితే ఏం చెప్పాలి?" అని రాసింది.

"ఆవిడని టీ దగ్గర అడగలేకపోయావా?"

"అడిగాను పిన్నీ. ఉద్యోగానికి సంబంధించింది అడగండి అని చెప్పాలి నిజానికి, కానీ నన్ను అడిగినప్పుడు నేనూ చెప్పలేకపోయాను, ఇంకా అనుకోలేదండీ అని ఊరుకున్నాను, ఉద్యోగం కావాలిగా అంది."

ఆవిడ సంస్థలో ఇప్పుడు ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు చేసే కమిటీలో ఆవిడా కూర్చుంటుందట. పక్కవాళ్లు ఆ ప్రశ్న వేయబోతే అక్కడే ఆపి, బయోడేటాలో తర్వాతి పేజీ తిప్పుతుందట.